ఎదురుకోలు

నాకు సంగీతం రాదు. ఈ మాట ఒప్పుకోవడానికి నాకేమీ సిగ్గు లేదు. లోకంలో సంగీతం రానివాళ్ళే ఎక్కువ గనుక తోడుకు కొదవ ఉండదు. నాకు సిగ్గు కలిగేది వేరే సంగతికి. యం.ఏ. తెలుగు పట్టా చేతికి వచ్చిన కొత్తలో, సంగీతం రాకపోయినా తాళం మాత్రం నాకు వచ్చుననుకున్నాను. ఛందస్సు చదువుకున్నవాడికి లెక్క తెలియకపోవడమేమిటి? పద్యపాదాన్ని గణాలుగా విడగొట్టేవాడికి మాత్రలు లెక్కపెట్టడం ఒక పనా? ఆ ధీమాతో ఒక రాత్రి పదిమందిలో నేనన్న ఒక్క మాటకు, పన్నెండేళ్ళపాటు మా ఇంట్లో హార్మోనియం పెట్టె మూత తెరుచుకోలేదు. ఆ కథ చెప్పుకుంటే మనసు తేలిక పడుతుందని ఇది రాస్తున్నాను.

మాది భైంసా. ఇప్పుడు నిర్మల్ జిల్లా. 2016కు ముందు ఆదిలాబాదు జిల్లా. పటంలో చూస్తే తెలంగాణ అంచున, మహారాష్ట్ర గుమ్మం దగ్గర చతికిలబడి కూర్చున్నట్టు కనిపిస్తుంది. చుట్టూ నల్లరేగడి, దాని నిండా పత్తి. ఒక సందులో తెలుగు, పక్క సందులో మరాఠీ, బజారులో ఉర్దూ. మూడు భాషల్లోనూ బేరమాడగలవాడే మా ఊళ్ళో గృహస్థు. చదువులతల్లి కొలువున్న బాసర మాకు దగ్గరే. ఆషాఢం వచ్చిందంటే పండరిపురం ప్రయాణాలు, పల్లెల్లో హరినామ సప్తాహాలు. ఏడు రోజులు నామం ఆగకూడదు గదా! అందుకని హార్మోనియం మెట్లు తెలిసినవాడికీ, తబలా మీద చెయ్యి ఆడేవాడికీ మా వైపు గిరాకీ ఎక్కువ. సంభావన మాత్రం తక్కువే. ఒక కొబ్బరికాయ, ఒక శాలువా, కడుపునిండా భోజనం.

మా వైపు తండ్రిని బాపు అంటాం. మా బాపు జిన్నింగు మిల్లులో లెక్కలు రాసే గుమాస్తా. పగలు పత్తి బేళ్ళ లెక్క, రాత్రి హార్మోనియం. ఆ హార్మోనియం ఆయన పెళ్ళికి ముందు నాందేడులో ఒక భజన మండలివారు అమ్మేస్తూంటే కొన్నది. అమ్మ దాన్ని సవతి అనేది. కాని వానాకాలంలో చెదలు పట్టకుండా వేపాకు వేసి కాపాడింది ఆవిడే.

హార్మోనియం అంటే పండితులకు ఆట్టే గౌరవం లేదు. 1940లో రేడియోవారు దాన్ని బహిష్కరించి, మూడు దశాబ్దాలపాటు లోపలికి రానివ్వలేదు. స్వరానికీ స్వరానికీ మధ్య జారే గమకం దానికి చేతకాదని ఆక్షేపణ. ఆక్షేపణ నిజమే. అయినా, గురువుగారి గుమ్మం ఎక్కలేని బీదవాడి పాటకు ఊళ్ళూళ్ళా శ్రుతి పట్టుకు నిలబడ్డది ఆ పెట్టె. గవాయి రాకపోవచ్చు గాని, భజన ఉన్న ఊళ్ళో హార్మోనియం లేకపోవడమనేది లేదు.

బాపుకు తబలా వాయించేది చాచా. ఆయన్ను ఊళ్ళో అందరూ ఉస్తాద్ అనేవాళ్ళు. పిల్లలకు మాత్రం చాచా. వృత్తికి దర్జీ. మా ఇంటికి రెండు సందుల అవతల ఆయన దుకాణం. కుట్టుమిషను తొక్కుతూ కూడా కాలితో ఏదో ఒక తాళం నడిపిస్తూనే ఉండేవాడు. ఆయన కుట్టిన లాగుకు కుట్లు సమానంగా పడేది ఆ తాళం వల్లనే కాబోలునని మా అమ్మ నవ్వేది.

శనివారం రాత్రి మా వసారాలో భజన. ఎనిమిది గంటలకు మొదలై పదిన్నరకు హారతితో ముగిసేది. వచ్చినవాళ్ళు ప్రసాదం పుచ్చుకుని వెళ్ళిపోయేవాళ్ళు. నిజమైన సంగీతం ఆ తరువాత మొదలయ్యేది. బాపు పెట్టె మూసేవాడు కాదు. చాచా తబలా మీద గుడ్డ కప్పేవాడు కాదు. అమ్మ రెండోసారి చాయ్ పెట్టేది. ముగ్గురో నలుగురో మిగిలేవాళ్ళు. నేను చాప మీద పడుకుని నిద్ర నటించేవాణ్ణి. బాపు బెల్లో మెల్లగా కదిపి ఒక స్వరం పట్టి ఊరుకునేవాడు. అది పిలుపు.

ఆ గంటసేపు ఏం జరిగేదో చెప్పడం నాకు ఇప్పటికీ కష్టమే. బాపు మాల్‌కౌన్స్‌లో, అంటే మన హిందోళం లాంటి రాగంలో, ఒక చిన్న పలుకు పలికించేవాడు. చాచా తబలా మీద దాన్నే తిరిగి చెప్పేవాడు. తబలాకు స్వరాలెక్కడివండీ? అయినా ఆ ఎడమచేతి గుమ్‌కీ పైకీ కిందికీ జారుతూంటే హార్మోనియం అన్నది తబలా అన్నట్టే వినిపించేది. బాపు ఇంకొంచెం మెలిక పెట్టి అడిగేవాడు. చాచా ఆ మెలికను విప్పి, దానికి తనదొకటి జోడించి తిరిగి ఇచ్చేవాడు. ఒకరు చమత్కరించడం, రెండోవారు ‘ఓహో, అలాగా!’ అన్నట్టు తలెత్తి చూడటం. మాటలు లేవు. కళ్ళే. ఒక్కోసారి ఇద్దరూ ఒకేసారి ఒకే మెలిక తిప్పి, ఇద్దరికీ ఒకే ఆలోచన వచ్చినందుకు ఆశ్చర్యపడి, చిన్నపిల్లల్లా పకపకా నవ్వేవాళ్ళు.

పెద్ద కచేరీల్లో ఇది కనిపించదు. మైకు వేదిక మీది ధ్వనిని మనకు తెచ్చి ఇస్తుంది గాని, వేదిక మీది చూపుల్ని తెచ్చి ఇవ్వదు. మా వసారా పన్నెండడుగులు. బెల్లో ఊపిరి వినిపించేది. చాచా గోరు తబలా అంచున గీసుకున్న చప్పుడు వినిపించేది. బాపు ఏదైనా కొత్త సంగతికి సిద్ధపడుతూంటే ఎడమ కనుబొమ లేచేది. అది చూసి చాచా తన తబలాను తగ్గించి, దారి ఇచ్చేవాడు. ఇలా పాట పుట్టబోయే ముందు దాని కదలిక మనకు కనపడుతుందే, అదే ఇంటి కచేరీలోని ఆనందం.

తాళం సంగతి రెండు ముక్కలు చెప్పాలి. లేకపోతే నా నేరం మీకు తెలియదు. వాళ్ళు ఎక్కువగా వాయించేది తీన్‌తాల్. పదహారు మాత్రల ఆవర్తం. మొదటి మాత్రను సమం అంటారు. మధ్యలో ఎవరు ఎంత దూరం తిరిగినా సమం దగ్గర ఇద్దరూ కలుసుకోవాలి. చివర ఒక పలుకును ముమ్మారు తిప్పి, మూడోసారి ఆఖరి దెబ్బ సరిగ్గా సమం మీద పడేట్టు దిగుతారు. దాన్ని తిహాయి అంటారు. అది పడ్డప్పుడు వింటున్నవాళ్ళ నోట అప్రయత్నంగా ‘ఆఁ’ అని వస్తుంది. తప్పిపోయిన పిల్లవాడు సంతలో తల్లికి కనబడితే ఎలా ఉంటుందో అలా ఉంటుంది.

తెలుగు పంతులుని గనుక నాకు తోచే పోలిక తిరుపతి వేంకట కవులది. దివాకర్ల తిరుపతిశాస్త్రిగారూ, చెళ్ళపిళ్ళ వేంకటశాస్త్రిగారూ సభల్లో కూర్చుని జంటగా అవధానాలు చేశారు. అప్పటికప్పుడు పుట్టిన కవిత్వంలో ఏది ఎవరిదో చెప్పడం కష్టం. వాళ్ళు చెప్పనూ లేదు. పోటీ ఉంటుంది, ఓడించడం ఉండదు. ఒకరికి ఒక పదం చిక్కకపోతే రెండోవారు అందిస్తారు. అందించిన సంగతి సభకు తెలియదు. ఈ పోలికను నేను తరగతిలో ఏళ్ళ తరబడి గొప్పగా చెప్పాను. అందించిన సంగతి సభకు తెలియదన్న చివరి ముక్క మాత్రం నాకు బొత్తిగా అర్థం కాలేదు.

★

2003 గోదావరి పుష్కరాలు. బాసరలో మునకలకని చుట్టాలు వచ్చి మా ఇంట దిగారు. నేను కాకతీయ విశ్వవిద్యాలయం నుంచి యం.ఏ. పూర్తిచేసి వచ్చి ఏడాదయింది. ఊళ్ళో నాకు కొత్త గౌరవం. బాపు నన్ను అందరికీ చూపించి, ‘మావోడు యమ్మే’ అనేవాడు. ఆ రాత్రి మా బావ ఒక టేపురికార్డరు కూడా తెచ్చి మధ్యలో పెట్టాడు. వసారా కిటకిటలాడింది.

భజన అయింది. చుట్టాలు కదలలేదు. బాపుకు హుషారు వచ్చింది. భీంపలాస్ ఎత్తుకున్నాడు. నేను గోడకానుకుని వేళ్ళ కణుపుల మీద పదహారు లెక్కపెడుతున్నాను. లెక్క నా చేతిలో ఉందన్న గర్వం నాకు. పదిహేను ఇరవై ఆవర్తాలు నిక్షేపంగా నడిచాయి. బాపు ఒక పొడుగాటి తిహాయి ఎత్తుకుని దిగాడు. సమం పడింది. అందరూ ‘ఆఁ’ అన్నారు. నా వేలు మాత్రం పదిహేనో కణుపు దగ్గరే ఉంది.

మళ్ళీ లెక్క చూసుకున్నాను. సందేహం లేదు. తబలా ఆ ఆవర్తాన్ని పదిహేను మాత్రలకే ముగించింది. పద్యంలో యతి తప్పితే ఊరుకుంటామా? నేను ఊరుకోలేదు.

“చాచా! ఒక మాత్ర మింగేసినవ్!” అన్నాను గట్టిగా, నవ్వుతూ.

వసారా అంతా నా వైపు తిరిగింది. యమ్మే చదివినవాడు పట్టేశాడురా అన్నారు ఎవరో. చాచా బాపు వంక ఒకసారి చూశాడు. బాపు తల వంచుకుని బెల్లో సర్దుకుంటున్నాడు. చాచా ఒక్క క్షణం ఆగి, నవ్వి,

“అవు బేటా, మింగిన. ముసలోన్ని గద, ఆకలైంది” అన్నాడు.

అందరూ విరగబడి నవ్వారు. నేనూ నవ్వాను. ఆ రాత్రి ఎప్పటికన్నా ముందుగా తబలా మీద గుడ్డ కప్పుకున్నాడు చాచా.

తరువాతి శనివారం రాలేదు. కంటి చూపు మందగిస్తోందనీ, పెళ్ళిళ్ళ బట్టలు ఎక్కువగా ఉన్నాయనీ కబురు వచ్చింది. ఆ పై శనివారమూ రాలేదు. బాపు ఇంకెవరినీ పిలవలేదు. కొన్నాళ్ళకు భజన పక్కవీధి గుడికి మారింది. హార్మోనియం అటక ఎక్కింది. ఊళ్ళోవాళ్ళు తలా ఒక కారణం కల్పించారు. ఇద్దరు మనుషులు విడిపోయారంటే మా ఊళ్ళో కల్పించడానికి కారణాలకు కరువా? అసలు కారణం మా ఇంట్లోనే, నా నోట్లోనే ఉందని ఎవరికీ తట్టలేదు. నాకూ తట్టలేదు. ముసలాయనకు రోషం వచ్చింది, ఉన్నమాట అంటే ఉలుకెక్కువ అనుకుని ఊరుకున్నాను.

★

2014 సెప్టెంబరు 19న మాండలిన్ శ్రీనివాస్ పోయాడని టీవీలో చెప్పారు. నలభై అయిదేళ్ళ మనిషి. మా కాలేజీలో భౌతికశాస్త్రం చెప్పే సహోద్యోగి ఒకాయన ఆ రోజంతా మాట్లాడలేదు. సాయంత్రం నా దగ్గరకు వచ్చి, “మీరు పాఠం చెప్తారు గాని పాట వినరు” అని నిష్ఠూరమాడి, ఒక పెన్‌డ్రైవ్ నా జేబులో వేశాడు.

శ్రీనివాస్ 1969లో పాలకొల్లులో పుట్టాడు. మాండలిన్ మన వాద్యం కాదు. పొట్టి మెడ, సినిమా పాటల్లో మూలకు కూర్చునే పరికరం. దాన్ని కర్ణాటక సంగీతానికి ఒప్పించాడా బాలుడు. 1983లో, పధ్నాలుగేళ్ళవాడు, బెర్లిన్ జాజ్ ఉత్సవంలో వాయించాడు. తరువాత ఇంగ్లండులో పుట్టిన జాజ్ గిటారు విద్వాంసుడు జాన్ మెక్‌లాగ్లిన్‌తోనూ, తబలా జాకిర్ హుస్సేన్‌తోనూ కలిసి ‘రిమెంబర్ శక్తి’ బృందంలో దేశదేశాలు తిరిగాడు.

నేను మొదట విన్నది మెక్‌లాగ్లిన్ గిటారూ, మన పాలకొల్లు మాండలినూ ఒకదాన్నొకటి పలకరించుకోవడం. పది నిమిషాలు విని లేచి కూర్చున్నాను. గిటారు ఒక పలుకు అడిగింది. మాండలిన్ జవాబు చెప్పి మెలిక పెట్టింది. గిటారు ‘ఓహో!’ అంది. నాకు చప్పున మా వసారా, చాయ్ వాసన, చాప మీది నిద్రనటన గుర్తుకు వచ్చాయి. ఇది నాకు తెలుసు! పేరు తెలియకుండానే తెలుసు!

అక్కణ్ణుంచి పిచ్చి పట్టింది. రోజూ రాత్రి చెవుల్లో పాట. మా ఆవిడ మొదట నవ్వింది, తరువాత విసుక్కుంది, ఆ తరువాత ఒక చెవిబుడిపె తనూ పెట్టుకుంది. బాలమురళీకృష్ణగారూ భీంసేన్ జోషీగారూ చేసిన జుగల్‌బందీ విన్నాం. గోదావరి జిల్లా శంకరగుప్తంలో పుట్టిన గొంతు, గదగ్‌లో పుట్టిన గొంతు. ఒకటి నీళ్ళలా జారుతుంది, ఒకటి మబ్బులా ఉరుముతుంది. మైహరులో అల్లాఉద్దీన్ ఖాన్ దగ్గర కలిసి చదువుకున్న రవిశంకర్ సితారూ, అలీ అక్బర్ ఖాన్ సరోదూ విన్నాం.

సహోద్యోగి జాజ్ కూడా అలవాటు చేశాడు. జాజ్ అమెరికాలోని న్యూ ఆర్లియన్స్‌లో నల్లజాతివారి మధ్య పుట్టిన సంగీతం. పాటకు ఎముకల గూడు మాత్రం ముందు నిర్ణయించుకుంటారు, రక్తమాంసాలు అప్పటికప్పుడు. మన నెరవులూ, కల్పనస్వరమూ తెలిసినవాడికి అది పరాయిది కాదు. 1928లో షికాగోలో లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ ట్రంపెట్టూ, అర్ల్ హైన్స్ పియానో కలిసి ‘వెదర్ బర్డ్’ అనే పాట రికార్డు ఇచ్చారు. ఇద్దరే. మూడు నిమిషాలు కూడా ఉండదు. ఇద్దరు కొంటెపిల్లలు గోడ మీద పరుగెత్తుతున్నట్టుంటుంది. ఒకడు తోసినట్టే ఉంటుంది, కాని ఎవడూ పడడు. 1962లో బిల్ ఎవాన్స్ పియానో, జిమ్ హాల్ గిటారు మాత్రమే ఉన్న రికార్డు ఒకటి వచ్చింది. దానిలో తోసుకోవడం లేదు. అర్ధరాత్రి అరుగు మీద కూర్చుని ఇద్దరు స్నేహితులు గొంతు తగ్గించి మాట్లాడుకుంటున్నట్టుంటుంది. ఒకరు మాట్లాడుతూంటే రెండోవారు ఊఁ కొట్టడం కూడా వినిపిస్తుంది.

ఒక రోజు ఆయన నాకొక కథ చెప్పాడు. అది హెర్బీ హాన్‌కాక్ అనే పియానో విద్వాంసుడు తన గురించి తానే చెప్పుకున్న కథ. 1960లలో ఐరోపాలో కచేరీ. హాన్‌కాక్ ఇరవైల్లో ఉన్న కుర్రవాడు. ట్రంపెట్ మైల్స్ డేవిస్. ఆయన పేరు చెబితే జాజ్ లోకం లేచి నిలబడుతుంది. పాట శిఖరానికి చేరుతోంది. హాన్‌కాక్ వేళ్ళు తప్పుడు మెట్ల మీద పడ్డాయి. ససేమిరా అక్కడ ఉండకూడని స్వరాల గుంపు. కుర్రవాడు సిగ్గుతో చెవులు మూసుకున్నంత పని చేశాడు. మైల్స్ డేవిస్ ఒక ఊపిరి సేపు ఆగి, కొన్ని స్వరాలు ఊదాడు. ఆ స్వరాలతో కుర్రవాడి తప్పు ఒప్పయిపోయింది. ఆయన దాన్ని తప్పుగా వినలేదు. జరిగిన ఒక సంగతిగా విన్నాడు. ఆ జరిగినదానికి తాను చెయ్యవలసినది చేశాడు. ఇది అర్థమవడానికి తనకు ఏళ్ళు పట్టిందని హాన్‌కాక్ చెప్పాడట.

కథ విని ఇంటికి వచ్చాను. అన్నం సహించలేదు. పదిహేనో కణుపు గుర్తుకు వచ్చింది.

★

బావ రికార్డు చేసిన కాసెట్టు అటక మీద హార్మోనియం పెట్టెలోనే దొరికింది. దాన్ని వాయించే యంత్రం కోసం ఊరంతా తిరగవలసి వచ్చింది. చివరకు ఒక రేడియో రిపేరు దుకాణంలో దొరికితే, తలుపు వేసుకుని విన్నాను.

పన్నెండేళ్ళ కిందటి దగ్గులు, నవ్వులు, పిల్లల ఏడుపు. వాటి మధ్య భీంపలాస్. తిహాయి దగ్గరకు వచ్చాను. వెనక్కి తిప్పి విన్నాను. మళ్ళీ తిప్పాను. ఈసారి తబలాను కాదు, హార్మోనియాన్ని విన్నాను. బాపు పలుకు మొదటిసారి సరిగ్గా ఉంది. రెండోసారి కొంచెం తొందర. మూడోసారి ఒక విరామాన్ని వదిలేసి దిగాడు. ఒక మాత్ర ముందు వచ్చేశాడు. తప్పింది బాపు! చాచా ఆ తొందరను రెండో పలుకులోనే పసిగట్టి ఉంటాడు. తన పదహారో మాత్రను తాను మింగి, బాపు దిగిన చోటనే సమం కొట్టాడు. దెబ్బ సరిగ్గా కలిసింది. అందరూ ‘ఆఁ’ అన్నారు. ఆ తరువాత వినపడింది నా గొంతు. “చాచా! ఒక మాత్ర మింగేసినవ్!”

ఎంత ఉల్లాసంగా ఉందో ఆ గొంతు!

బాపు వాకిట్లో మంచం మీద కూర్చుని ఉన్నాడు. వెళ్ళి చెప్పాను. ఆయన చాలాసేపు ఏమీ అనలేదు.

“నాకు ఆ రాత్రే తెల్సు” అన్నాడు చివరకు.

“మరి ఎందుకు చెప్పలే బాపు?”

“ఏం చెప్పాలె? నువ్వు పెద్ద సదువు సదివి వచ్చినవ్. చుట్టాలందరు నిన్నే చూస్తున్నరు. నా కొడుకు ముంగట, తప్పింది నేనురా అని చెప్పనీకి నోరు రాలే. తెల్లారి చెబుదామనుకున్న. తెల్లారినంక ఇంకింత కష్టమైంది.”

నేను ఆయన కాళ్ళ దగ్గర కూర్చున్నాను. ఏ గర్వంతో ఆయన నన్ను నలుగురికి చూపించాడో, ఆ గర్వమే ఆయన నోరు నొక్కేసిందన్నమాట.

మర్నాడు చాచా దుకాణానికి వెళ్ళాను. చూపు మందగించినమాట నిజమే, దళసరి అద్దాలు. నన్ను చూసి, “ఏం బేటా, మంచిగున్నవా? ప్యాంటు కుట్టాల్నా?” అన్నాడు. నేను క్షమించమన్నాను. తప్పు తనది కాదని తెలిసీ ఎందుకు మీద వేసుకున్నావని అడిగాను.

“తప్పేంది బేటా అందుల?” అన్నాడు ఆశ్చర్యంగా. “మీ బాపు జర ముందుగాల వచ్చిండు. నేను ఎదురువోయిన. ఇంటికొచ్చెటోనికి గడప దాటి ఎదురువోవుడు తప్పా?”

“మరి రావడం ఎందుకు మానేసినవ్ చాచా? నా మాటకే గద?”

“నీ మాటకా? నువ్వు పోరగానివి. అది మర్నాడే మరిచిన.” ఆయన సూదిలో దారం ఎక్కించబోయి, ఎక్కక, నా చేతికిచ్చాడు. “ఆ రాత్రి అందరు నవ్వుతుంటె నేను మీ బాపు దిక్కు చూసిన. తల లేపలే. మర్నాడు బజార్ల కలిసిండు. అప్పుడూ చూడలే. కండ్లు కలవకుంటె వాయించుడెట్ల బేటా? చేతులతోని వాయిస్తమా?”

నేను దారం ఎక్కించి సూది తిరిగి ఇచ్చాను.

★

2015 జులైలో మళ్ళీ గోదావరి పుష్కరాలు వచ్చాయి. బాసర దారి జనంతో నిండిపోయింది. మా ఇంటికి ఈసారి చుట్టాలను పిలవలేదు. ఒక రాత్రి బాపుని, హార్మోనియాన్ని రిక్షాలో ఎక్కించుకుని చాచా దుకాణానికి తీసుకువెళ్ళాను. ఎనిమిదడుగుల గది. కుట్టుమిషను మూలకు నెట్టి, కత్తిరింపు ముక్కలు ఊడ్చి, చాప పరిచాను. బయట వాన.

పాతికేళ్ళ స్నేహితులిద్దరూ ఒకరి ఆరోగ్యం ఒకరు అడిగారు. చాయ్ తాగారు. ఇంకేమీ మాట్లాడుకోలేదు. హార్మోనియంలో రెండు మెట్లు మూగవోయాయి. తబలా చర్మం చెమ్మకు వదులైంది. చాచా సుత్తితో గట్టాలు కొట్టి శ్రుతి చేశాడు. బాపు ఒక స్వరం పట్టి ఊరుకున్నాడు. పిలుపు.

చాచా వెంటనే అందుకోలేదు. అద్దాలు తీసి తుడుచుకున్నాడు. బాపు తల ఎత్తాడు. కళ్ళు కలిశాయి.

ఆ రాత్రి వాళ్ళు గొప్పగా వాయించారని చెప్పలేను. వేళ్ళు మొద్దుబారాయి. ఒకసారి చాచా చెయ్యి జారింది. బాపు ఆ పలుకునే సాగదీసి ఆయన వచ్చేదాకా నిలబడ్డాడు. ఒకసారి మూగ మెట్టు మీద బాపు వేలు పడింది. ఆ ఖాళీలో చాచా ఒక చిన్న దెబ్బ వేసి, అది కావాలని వదిలిన ఖాళీ అన్నట్టు చేశాడు. ఇద్దరూ పకపకా నవ్వారు. నేను వేళ్ళ కణుపులు లెక్కపెట్టలేదు. వాన వెలిసింది కూడా నాకు తెలియలేదు. వినడం అంటే ఏమిటో, పట్టా పుచ్చుకున్న పదమూడేళ్ళకు, ఒక దర్జీ దుకాణంలో నాకు పాఠమైంది.

ఆ తరువాత నాలుగేళ్ళు మా శనివారాలు మాకు తిరిగి వచ్చాయి. ఆ రోజుల్లోనే బాపు నాకు నాలుగు మెట్లు నేర్పాడు. నాకు పట్టుబడలేదు. 2019లో ఆయన పోయాడు.

1920లో తిరుపతిశాస్త్రిగారు పోయిన తరువాత కూడా వేంకటశాస్త్రిగారు తమ రచనలను జంట పేరుతోనే ప్రకటించారని పాఠం చెబుతూంటాను. బాపు పోయాక చాచా ఒంటరిగా వాయించడం ఒకసారి విన్నాను. తన వంతు వాయించి ఆగేవాడు. అవతలి వంతుకు కావలసినంత చోటు వదిలి, మళ్ళీ అందుకునేవాడు.

2024 డిసెంబరు 15న అమెరికాలో జాకిర్ హుస్సేన్ పోయాడని వార్త వచ్చింది. ఆ శనివారం చాచా మనవణ్ణి తోడు పెట్టుకుని మా ఇంటికి వచ్చాడు. ఎనభై దగ్గరికి వచ్చిన మనిషి. “బేటా, పెట్టె తియ్యి” అన్నాడు.

తీశాను. నాకు వచ్చినది ఒకే ఒక భజన మెట్టు. అది పట్టుకుని కూర్చున్నాను. చాచా ఠేకా ఎత్తుకున్నాడు. నా చెమటచేతులతో ఎలాగో నాలుగు ఆవర్తాలు నడిపించాను. ముగింపులో ధైర్యం చేసి, బాపు దిగినట్టే ఒక పలుకు ముమ్మారు తిప్పి దిగాను. దిగుతూండగానే తెలిసింది, తొందరపడ్డానని. ఒక మాత్ర ముందు వచ్చేశాను.

దెబ్బ సరిగ్గా నాతోపాటే పడింది.

మా ఆవిడ గుమ్మంలోంచి ‘ఆఁ’ అంది. మా అమ్మాయి చప్పట్లు కొట్టింది. లెక్క తప్పిన సంగతి ఇద్దరికీ తెలియదు. నేను తల ఎత్తి చూశాను. దళసరి అద్దాల వెనక చాచా నవ్వుతున్నాడు.